వెనక్కి వాలిన అక్షరాలు

లండన్
1973 సెప్టెంబరు 10

ఒరేయ్ విల్ఫ్,

మన పిల్లల బొమ్మకథల వారపత్రిక "రంపస్" మొదటి సంచిక శనివారం బయటికొచ్చింది. నీ కాపీలు రెండు ఇందులో పెట్టాను. మొదటి సంచికతో పిల్లలకి ఇచ్చే ఉచిత వస్తువు ఈసారి కాగితపు టపాకాయ. మడిచి విదిలిస్తే ఢామ్మంటుంది. శుక్రవారమంతా ఆఫీసులో మీసాలొచ్చిన వాళ్ళందరికీ అదే పని. మా ఎడిటర్ క్రేల్ గారు ఉలిక్కిపడి టీ అంతా చొక్కా మీద పోసుకున్నారు. ఆ తర్వాత టపాకాయలు బీరువాలో పెట్టి తాళం వేశారు.

నీ పేజీలు బాగా వచ్చాయి. ఉత్త మాట కాదు, నీతో నాకు మొహమాటం ఎప్పుడూ లేదు కదా. బస్సంత సముద్రపు జంతువు టోపీ పెట్టుకుని, రిటైరైన కెప్టెన్‌నని చెప్పి అద్దెకు దిగడం, చూపు ఆనని ఇంటావిడ మిసెస్ క్లాటర్బీ "భోజనం ఆరింటికండీ, ఇసక కాళ్ళతో మెట్లెక్కొద్దు" అనడం చూసి క్రేల్ గారే నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది మూడోసారి. ఇన్నేళ్ళుగా ఒకరికి జబ్బుచేస్తే వాళ్ళ చేతి తీరులో, ఒకరు పోతే వాళ్ళ చేతి తీరులో గీస్తూ వచ్చావు. కెప్టెన్ కెల్ప్ మాత్రం నీ సొంత చెయ్యి. చూస్తే తెలుస్తోంది.

రెండో పేజీ కింద మూల నీ పేరు పెట్టావు. తెల్లరంగు పూసేశాను. తిట్టుకో. బొమ్మలు గీసినవాళ్ళ పేర్లు వేయకూడదన్నది నేను పెట్టిన రూలు కాదు. కుంచె నా చేతిలో ఉంది, అంతే. మళ్ళీ పెడితే మళ్ళీ పూస్తాను.

ముఖచిత్రం మీద "లోపల మీకో గొప్ప వార్త, నేస్తాలూ" అని పడేదాకా మన రొట్టెకి ఢోకా లేదు. ఆరు వారాల ముందు పేజీలు అందాలి, మర్చిపోకు.

డెస్

*

ఫైలీ
1973 అక్టోబరు 2

డెస్,

ఆ "గొప్ప వార్త" మాట ఎందుకు ఎత్తావురా, మొదటి నెలలోనే? ఆ మాట పడిందంటే పత్రిక చచ్చిందనీ, దాని శవాన్ని ఇంకో పత్రికలో కలిపి పూడుస్తున్నారనీ పిల్లలకి తప్ప లోకమంతటికీ తెలుసు. నేను గీసిన పత్రికల్లో నాలుగు అలాగే పోయాయి. అయినా అప్పుడు బాధపడలేదు. అవి నా పిల్లలు కావు. ఇది పోతే బాధపడతాను. ముందే చెప్తున్నాను.

పేరు చెరిపినందుకు నిన్ను తిట్టుకోను గానీ, దానివల్ల ఇక్కడ నా పరువు పోయింది. ఎలాగో విను. మా ఊరి కొండమీద పిల్లల ఎముకల ఆసుపత్రి ఉంది. తుంటి ఎముకలు అరిగినవాళ్ళు, వెన్ను వంగినవాళ్ళు, నడుం నించి పాదాల దాకా ప్లాస్టర్ సున్నపు కట్టుతో నెలలకి నెలలు వెల్లకిలా పడుకుని ఉంటారు. వార్డు చూసే సిస్టర్ పిక్‌ఫోర్డ్ చేపల దుకాణం వరసలో నన్ను పట్టుకుని, బొమ్మలు గీసేవాడివట కదా, గురువారాలు ఖాళీయేనా అని అడిగింది. ఆవిడ అడిగే తీరులో కాదనే సందు ఉండదు.

వెళ్ళాను. కెప్టెన్ కెల్ప్‌ని గీసేది నేనే అన్నాను. కిటికీ పక్క మంచం మీది జెనెట్ అనే పదేళ్ళ పిల్ల, హల్ పట్నం నించి వచ్చింది, పధ్నాలుగు నెలలుగా ఆ కట్టులోనే ఉంది, "మరి మీ పేరేదీ?" అంది. లేదన్నాను. "అయితే మా నాన్నే చంద్రుడి మీద దిగింది, పేరు వేయలేదు" అంది. వార్డంతా నవ్వు. చివరికి సున్నపు కట్టు మీదే కెల్ప్‌ని గీసి చూపించాల్సి వచ్చింది. అప్పటికి సగం నమ్మారు.

ఆ పిల్ల అడిగేది ఒక్కటే. కెప్టెన్ ఇంటికెప్పుడు వెళ్తాడు? సముద్రం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది, ప్రతివారం పెట్టె సర్దుకుంటాడు, ప్రతివారం ఏదో అడ్డొస్తుంది. నేను నవ్వుకోసం గీశాను. వాళ్ళు నవ్వుతూనే లెక్కపెడుతున్నారు, ఎన్నిసార్లు ఆగిపోయాడో.

విల్ఫ్

*

లండన్
1973 నవంబరు 26

విల్ఫ్,

పని సంగతి ముందు. క్రిస్మస్ ముందు సంచికలో ఓటు చీటీ పెడుతున్నాం. పిల్లలు తమకి నచ్చిన మూడు కథలు రాసి, పేరూ వయసూ ఊరూ వేసి, కత్తిరించి పంపాలి. జనవరి మొదటివారంలో విప్పి లెక్కపెట్టేది నేనే. క్రేల్ గారికి నేనంటే నమ్మకం, లేదా ఇంకెవరూ ఆ దుమ్ములో కూర్చోరు.

ఓట్లు ఎందుకని అడగకు. అడిగినా చెప్పకూడదు. కాగితం ధర ఎలా ఉందో పేపర్లో చూస్తున్నావుగా, బొగ్గు గని కార్మికుల గొడవ ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. ఆ మూడు స్థానాల్లో ఉండటం మంచిది. అంతవరకే.

కెల్ప్‌ని మాత్రం ఇప్పుడే ఇంటికి పంపకు. వెళ్ళిపోయినవాడికి ఎవరు ఓటేస్తారు? జెనెట్‌కి నా తరఫున క్షమాపణ చెప్పు.

నిన్న పాత కాగితాల్లో, మనకి అక్షరాలు నేర్పిన గడ్జన్ ముసలాయన నీకు రాసిచ్చిన చీటీ దొరికింది. గుర్తుందా, మనిద్దరం పదహారేళ్ళప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని మాటల బుడగల్లో అక్షరాలు రాసేవాళ్ళం. "స్కేఫ్, నీ ఎస్ అక్షరం తాగినవాడిలా వెనక్కి వాలుతోంది. ఇంకోసారి వాలితే నువ్వు ఇంటికి." ఎన్నిసార్లు స్కేలుతో కొట్టినా ఆ వాలు పోలేదు. లక్ష మంది రాసినా నీ అక్షరాన్ని నేను కళ్ళు మూసుకుని పట్టుకోగలను.

డెస్

*

ఫైలీ
1973 డిసెంబరు 18

డెస్,

గడ్జన్ ముసలాడి పేరు విని వేళ్ళు చురుక్కుమన్నాయి. ఆయన పెట్టిన బడి ఇప్పుడు కొండమీద నడుస్తోంది తెలుసా? పడుకుని బొమ్మలు గీయడం కష్టం, చెయ్యి లాగుతుంది. అక్షరాలైతే చిన్న పలక గుండె మీద పెట్టుకుని రాయొచ్చు. అందుకని బుడగల్లో రాసే అక్షరాలు నేర్పుతున్నాను. ముందు గీతలు, తర్వాత కర్రలు, తర్వాత సున్నాలు, అచ్చం మనకి నేర్పినట్టే. స్కేలు మాత్రం లేదు. సిస్టర్ పిక్‌ఫోర్డ్ చూపే చాలు.

పనిలేని పిల్లలు ఎంత బాగా నేర్చుకుంటారో నువ్వు నమ్మవు. రోజుకి ఎనిమిది గంటలు అదే పని. జెనెట్ నాకంటే నీటుగా రాస్తోంది. ఆ సంగతి దానికి చెప్పలేదు, చెప్తే వార్డులో నిలవనివ్వదు.

ఇంకో ముచ్చట ఉంది. అది చెప్పను. కొత్త సంవత్సరంలో నీ బల్ల మీదికి మా ఊరినించి ఒకటి వస్తుంది. చూడగానే నీకే తెలిసిపోతుంది. తెలిసినా ఎవరితోనూ అనకు, నీలో నువ్వు నవ్వుకో. ముందే చెప్పేస్తే మజా ఉండదు, పైగా లెక్కపెట్టే మనిషికి చెవిలో ఊదినట్టుంటుంది.

నీకూ మీ ఆవిడ ఈథెల్‌కీ పండగ శుభాకాంక్షలు. పొగబెట్టిన చేపలు పంపుతున్నాను. పోస్టువాడు వాసన పట్టి తినేయకపోతే అందుతాయి.

విల్ఫ్

*

లండన్
1974 జనవరి 21

విల్ఫ్,

చేపలు అందాయి. ఈథెల్ థాంక్స్ చెప్పమంది.

గని కార్మికుల గొడవతో బొగ్గు లేక కరెంటు వారానికి మూడు రోజులే. మిగతా రోజులు కోటు విప్పకుండా, బల్ల మీద కొవ్వొత్తులు పెట్టుకుని పని చేస్తున్నాం. ఓట్లు లెక్కపెట్టడం పూర్తయింది. కెప్టెన్ కెల్ప్ నాలుగో స్థానంలో ఉన్నాడు. మూడోదానికీ దానికీ పందొమ్మిది ఓట్ల తేడా.

ఎందుకో ఇప్పుడు చెప్పొచ్చు. మార్చి 30 సంచికతో "రంపస్" ఆగిపోతుంది. "కైట్" అనే మా ఇంకో పత్రికలో కలుపుతున్నారు. మొదటి మూడు కథలకే అక్కడ చోటు. ఆఖరి సంచికలో నీ పేజీ ముగింపులా ఉండకూడదని క్రేల్ గారి ఆజ్ఞ. ఏదో అయిపోయిందని పిల్లలకి అనిపించకూడదు, మరుసటి వారం దుకాణానికి వెళ్ళి "కైట్" కొనాలి. ఎప్పటిలాగే పెట్టె సర్దుకుని ఆగిపోయినట్టు గీయి.

నాకూ బాధగానే ఉంది. అయితే ఒక మాట. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఇరకాటంలో పెట్టింది లేదు. ఈసారి ఆ పని చేయకుండా ఉంటే బాగుండేది. నేనెవరికీ చెప్పలేదు, చెప్పను. దీని గురించి ఇంక మాట్లాడుకోనక్కర్లేదు.

డెస్మండ్ టాప్లీ

*

ఫైలీ
1974 ఫిబ్రవరి 3

డెస్మండ్,

ఇరవై ఏడేళ్ళలో నాకు రాసిన ఉత్తరం కింద నీ ఇంటిపేరుతో సహా సంతకం పెట్టడం ఇదే మొదటిసారి. నాలుగుసార్లు చదివాను. నేను నిన్ను ఏ ఇరకాటంలో పెట్టానో నాకు తెలీదు. చేపలా?

పత్రిక పోవడం సంగతి సరే. బాధపడతానని ముందే చెప్పాను, బాధపడుతున్నాను. రెండు రోజులు కలం ముట్టుకోలేదు. నలభై మూడేళ్ళొచ్చాయి, ఇంకో సొంత కథ ఎవరిస్తారు? మళ్ళీ ఎవరికో జబ్బుచేసే దాకా కూర్చోవాలి. అయినా ఓట్లు ఓట్లే. పిల్లలకి నచ్చకపోతే నేనేం చేస్తాను.

అడగకూడదు గానీ, ఒకటి అడుగుతాను. మా వార్డు పిల్లల చీటీలు నీకు చేరాయా? ముప్పై ఎనిమిది. నేను చెప్పనన్న ముచ్చట అదే. ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ కొనిచ్చాను, ఎవరి ఓటు వాళ్ళు వేసుకోమన్నాను. మూడు గురువారాలు పట్టింది. సున్నపు కట్టులో ఉన్న పిల్లలు పడుకుని, నాలుక బయటపెట్టి, నేర్చుకున్న అక్షరాలన్నీ ఆ చీటీల్లోనే చూపించారు. సిస్టర్ పిక్‌ఫోర్డ్ అన్నీ ఒక పెద్ద గోధుమరంగు కవర్లో పెట్టి మా పోస్టువాడు హెరిక్ చేతికి తనే ఇచ్చింది. నువ్వు ఆ వాలిన అక్షరాలు చూసి పొట్ట పట్టుకుని నవ్వుతావనుకున్నాను. నీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

పందొమ్మిది తేడా అంటున్నావు. అందుకే అడుగుతున్నాను. అందలేదా?

విల్ఫ్

*

లండన్
1974 ఫిబ్రవరి 12

ఒరేయ్ విల్ఫ్,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. జవాబు ఆలస్యమైంది. ఆఫీసులో ఎన్నికల గొడవ, కరెంటు గొడవ, పైగా నాకు జలుబు.

ఆ కవరు సంగతి ఏమని చెప్పను. ఈ చలికాలం పోస్టు ఎలా ఉందో నీకు తెలుసు. ఈ చీకట్లో ఏ సంచీ ఎక్కడ పడిందో. అందలేదనే అనుకో. పిల్లల్ని మరీ ఆశపెట్టకు.

ముందు ఉత్తరంలో ఏదో చిరాకులో రాశాను, పట్టించుకోకు. చేపలు చాలా బాగున్నాయి.

ఆ పిల్లలు అందరూ నీలాగే రాస్తారా? అందరూనా? మళ్ళీ రాసేటప్పుడు చెప్పు, ఊరికే అడుగుతున్నాను.

జెనెట్‌కి కట్టు ఎప్పుడు తీస్తారు?

డెస్

*

ఫైలీ
1974 ఏప్రిల్ 14

డెస్,

ఆఖరి సంచిక వార్డుకి అందిన గురువారం నేను వార్డులోనే ఉన్నాను. ముఖచిత్రం మీద ఎర్రటి అక్షరాల్లో "లోపల మీకో గొప్ప వార్త, నేస్తాలూ". పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకడు చెంచాతో మంచం కడ్డీ మీద వాయించాడు. పెద్దవాళ్ళం ఇద్దరం, నేనూ సిస్టరూ, గోడవైపు చూస్తూ నిలబడ్డాం. ఆవిడకి నేను ముందే చెప్పాను. పిల్లలకి చెప్పడానికి నోరు రాలేదు.

మరుసటి వారం "కైట్" వచ్చింది. మొదటినించి చివరికి, చివరినించి మొదటికి వెతికారు. అప్పుడు అర్థమైంది. జెనెట్ ఏడవలేదు. "అంటే పెట్టె పట్టుకుని మెట్ల మీదే ఉండిపోయాడన్నమాట" అంది. అంతే అంది. ఆ రోజు అక్షరాలు ఎవరూ రాయలేదు.

ఇప్పుడు నీ సంగతి. ఆఖరి పేజీలో, మెట్ల కింద, నా పేరు ఉంది. డబ్ల్యూ. స్కేఫ్. అచ్చులో. నేను అలవాటు కొద్దీ పెట్టాను, నువ్వు అలవాటు కొద్దీ పూస్తావనుకున్నాను. పొరపాటున వదిలే మనిషివి కావు నువ్వు. ఫుల్‌స్టాప్ తప్పినా వెనక్కి వెళ్ళి దిద్దుతావు. ఇరవై ఏడేళ్ళకి మొదటిసారి నా పేరు అచ్చులో చూసుకుంటే సంతోషం రావాలి కదా, రాలేదు. ఎవరో తలుపు దగ్గర పువ్వులు పెట్టి చెప్పకుండా వెళ్ళిపోయినట్టుంది. ఎందుకు వదిలావు?

ఇంకో చిక్కు వచ్చిపడింది. సిస్టర్ పిక్‌ఫోర్డ్ ఊరుకునే రకం కాదు. పిల్లల కవరు పోయిందని పోస్టుకి ఫిర్యాదు రాసింది. హెరిక్‌ని పిలిచి రెండుసార్లు అడిగారట. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క కార్డు పోగొట్టలేదు, ఆగస్టులో రిటైరవుతాడు. నిన్న మా గుమ్మం దగ్గర నిలబడి, "ఆ కవరు నా చేత్తోనే సంచీలో వేశాను స్కేఫ్ గారూ, నా మనవల మీద ఒట్టు" అన్నాడు. నన్ను బతిమాలుకోవడం ఎందుకు పాపం. మీ వైపు ఎవరినైనా అడిగి, అది ఎక్కడ ఆగిందో కనుక్కుని రాయి. ఆయనకి ఆ మాట చాలు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. అవును, అందరూ నాలాగే రాస్తారు. ఎస్‌తో సహా. ఆ వాలు తప్పని చెప్పడం మర్చిపోయాను.

విల్ఫ్

*

లండన్
1974 ఏప్రిల్ 22

విల్ఫ్,

ఈ ఉత్తరంతో పాటు ఒక గోధుమరంగు కవరు పంపుతున్నాను. విప్పేముందు ఇది చదువు.

కవరు అందింది. జనవరి 8న, మంగళవారం. హెరిక్ తప్పు ఏమీ లేదు. ఆ మాట మీ పోస్టుమాస్టరుకి విడిగా రాసి, ఈ రోజే పంపాను.

విప్పాను. ముప్పై ఎనిమిది చీటీలు, ముప్పై ఎనిమిది పేర్లు, అన్నీ ఒకే చెయ్యి. నీ చెయ్యి. ప్రతి ఎస్ వెనక్కి వాలి ఉంది. బెంచీ మీద ఎనిమిదేళ్ళు నీ పక్కన కూర్చున్నవాడిని, నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదనుకున్నాను. అంతకుముందే నువ్వు రాశావు, "చూడగానే తెలిసిపోతుంది, ఎవరితోనూ అనకు" అని. నాకు కన్ను గీటావనుకున్నాను. నీ కథ బతికించుకోవడానికి పిల్లల పేర్లతో నువ్వే దొంగ ఓట్లు రాసి, నన్ను చూసీచూడనట్టు పొమ్మంటున్నావనుకున్నాను. ఒళ్ళు మండింది. తర్వాత జాలేసింది. ఎవరికీ తెలియకుండా తీసి సొరుగులో పడేశాను. నిన్ను కాపాడాననుకున్నానురా. ఆ సాయంత్రం ఈథెల్‌తో కూడా అనలేదు. అంత గొప్ప స్నేహితుణ్ణి.

ఒక్క కార్డు ముక్క రాసి, "ఏమిట్రా ఇది" అని అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. నాకు నీ అక్షరం తెలుసు కదా, ఇంక నిన్ను అడిగేదేముంది అనుకున్నాను.

ఫిబ్రవరిలో నీ ఉత్తరం వచ్చిన రోజు సొరుగు తీసి మొదటిసారి వాటిని చదివాను. అవును, మొదటిసారి. జనవరిలో అక్షరం చూశాను గానీ ఏం రాశారో చూడలేదు. ముప్పై ఒకటి కెల్ప్‌కి వేశాయి. ఏడు వేయలేదు. ఒకడు, కాలిన్ అట, తొమ్మిదేళ్ళు, చీటీ అంచున "కెప్టెన్ కెల్ప్ అస్సలు బాగోలేదు, ఫుట్‌బాల్ కథ పెట్టండి" అని రాశాడు. అదీ నీ అక్షరంలోనే. దొంగ ఓట్లు వేసుకునేవాడు తన మీద తనే ఏడు వేసుకుంటాడా?

ఆ చీటీల్లో మిగతా కథలకి పడ్డవి కూడా కలిపి మళ్ళీ లెక్కేశాను, కెల్ప్ మూడో స్థానం.

అప్పటికి ఫిబ్రవరి ఆరో తేదీ. "కైట్" మొదటి కలిపిన సంచిక పేజీలు ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. పది రోజుల వ్యవధి ఉంది. క్రేల్ గారి గది నా బల్లకి పన్నెండు అడుగుల దూరం. వెళ్ళి చెప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది కాదు, చీవాట్లు పడేవి, లెక్కపెట్టే పని ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు. దానికే భయపడ్డాను. నమ్మకస్తుడనే పేరు ఒక్కటే ఉంది నాకు ఆ ఆఫీసులో. వెళ్ళలేదు. నీకు పోస్టు మీద నెపం పెట్టి రాశాను. పది రోజులూ అయిపోయాయి. పొరపాటు జనవరిలోది, పాపం ఫిబ్రవరిలోది.

పేరు ఎందుకు వదిలావని అడిగావు. కుంచె తడిపాను. పూయలేకపోయాను. అది నీకు ఇచ్చిన బహుమానం కాదు, నా చేతకానితనం.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. చీటీలు వాళ్ళవి, వాళ్ళకే ఇవ్వు. ఏం చెప్పాలో నీ ఇష్టం.

డెస్

*

ఫైలీ
1974 మే 19

డెస్,

జవాబుకి నెల పట్టింది. మూడుసార్లు రాసి చింపేశాను. మొదటిదాంట్లో బూతులున్నాయి, రెండోదాంట్లో ఏడుపుంది, మూడోది అబద్ధం. నీ మీద కోపం లేదని రాశాను అందులో. ఉంది.

హెరిక్ నీ ఉత్తరం చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఒక్క పనికి నీకు థాంక్స్.

నువ్వు తెలుసుకోవాల్సింది ఒకటుంది. డిసెంబరులో చీటీలు రాసేటప్పుడు, ఇంత దూరం నించి వస్తే మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారని పిల్లలకి అనుమానం వచ్చింది. నేనేమన్నానో తెలుసా? "అక్కడ లెక్కపెట్టేది నా స్నేహితుడు. ఈ అక్షరం చూడగానే మనవాళ్ళేనని గుర్తుపడతాడు. కాబట్టి వీలైనంత బాగా రాయండి" అన్నాను. అందుకే ఆ చీటీలకి మూడు వారాలు పట్టింది. సరిగ్గా రాని వాటిని చింపి, కొత్త కాపీ తెచ్చి మళ్ళీ రాయించాను. మొదట వాళ్ళ సొంత కోడిగీతల్లో రాసినవి పంపి ఉంటే సరిపోయేది. ఇందులో నా వంతు కూడా ఉందిరా, దాన్ని కూడా మోస్తున్నాను.

నిజం చెప్పేశాను. మొన్న గురువారం. పోస్టులో పోలేదనీ, నేనే రాశానని నా స్నేహితుడు పొరబడ్డాడనీ. ఎవరి చీటీ వాళ్ళకి ఇచ్చాను. కాలిన్ తనది చూసి, "నా ఓటు కూడా లెక్కపెట్టలేదా" అని గొడవ. జెనెట్ తన చీటీని నాలుగు మడతలు పెట్టింది. తర్వాత, "అంటే మేం బాగా రాయకపోయుంటే కెప్టెన్ ఉండేవాడా?" అని అడిగింది. దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

ముగింపు గీశాను. నాలుగు పేజీలు. అలలు మెట్ల దాకా వస్తాయి, కెప్టెన్ టోపీ తీసి మిసెస్ క్లాటర్బీకి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు, ఆవిడ అప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటుంది. గది ఖాళీ. నేను గీసినవాటిలో అదే మంచి పని. ముప్పై ఎనిమిది మంది చూశారు, అంతే. కింద పేరు పెట్టలేదు.

జెనెట్‌కి కట్టు తీశారు. కాళ్ళకి ఇనుప ఊతలతో వచ్చే మంగళవారం హల్‌కి వెళ్తుంది. నీకు ఏదో రాసిందట, కవరు అంటించేసి ఇచ్చింది. నన్ను చూడొద్దంది. చూడలేదు.

మళ్ళీ ఎప్పుడు రాస్తానో తెలీదు. నువ్వు రాస్తే చదువుతాను.

విల్ఫ్

*

పిల్లల వార్డు, కిటికీ పక్క మంచం, ఫైలీ
మే 18

మిస్టర్ టాప్లీ గారికి,

మీరు బాధపడుతున్నారని మిస్టర్ స్కేఫ్ చెప్పారు. నేను కూడా పడుతున్నాను.

కెప్టెన్ కెల్ప్ ఇంటికి వెళ్ళిపోయాడని మిస్టర్ స్కేఫ్ గీసి చూపించారు. చాలా బాగుంది. కానీ అది పత్రికలో రాలేదు కాబట్టి లెక్కలోకి రాదని కాలిన్ అంటున్నాడు. వస్తుందని నేనంటున్నాను. వార్డులో సగం మంది అటు, సగం మంది ఇటు. మీరు ఆఫీసులో పనిచేస్తారు కాబట్టి మీకు తెలుస్తుంది. వెళ్ళినట్టేనా? నేను మంగళవారం వెళ్ళిపోతున్నాను, అందుకని హల్ అడ్రసు వెనక రాశాను.

నాకు ఇప్పుడు పదకొండేళ్ళు. ఎనిమిది అడుగులు నడిచాను.

ఈ ఉత్తరం నేనే రాశాను. మిస్టర్ స్కేఫ్ గదిలో లేరు. నమ్మకం కలగకపోతే సిస్టర్ పిక్‌ఫోర్డ్‌ని అడగండి, ఆవిడ పక్కనే కూర్చుని చూశారు.

జెనెట్ ఆడీ